పెదవులు కలిసిన చోట

హీరోగారిది పిల్లి గొంతు. ఆ సంగతి పరిశ్రమలో అందరికీ తెలుసు, బయట ఒక్కరికీ తెలియదు. మొదటి సినిమా నుంచీ తెరమీద ఆయన పలికిన ప్రతి మాటా డబ్బింగాయనదే. గర్జించినా, గుసగుసలాడినా, తల్లి శవం మీద పడి ఏడ్చినా గొంతు ఈయనది, దండలు ఆయనకు. ఉత్తమ నటుడి అవార్డు వచ్చినప్పుడల్లా హీరోగారు ఈయన భుజం మీద చెయ్యేసి, "ఈసారికి ఆగు తమ్ముడూ, పెద్దది రానీ. అప్పుడు నీ పేరు చెప్పకపోతే అడుగు" అనేవారు. ఈయన ఆగారు.

ఇన్నాళ్లకు జీవిత సాఫల్య పురస్కారం రానే వచ్చింది. హీరోగారు మంచం దిగే స్థితిలో లేరు కాబట్టి కృతజ్ఞతలు ఇంట్లోనే వీడియో తీయించుకున్నారు. సభలో దాన్నే చూపిస్తారు. మరి దానికీ గొంతు కావాలిగా! డబ్బింగాయన భార్య చుట్టపక్కాలందరికీ ఫోన్లు చేసి, మా ఆయన పేరు చెబుతారు, టీవీ ముందునుంచి కదలొద్దని మరీమరీ చెప్పింది.

ఏ సన్నివేశాన్నయినా ముందు శబ్దం లేకుండా చూడటం డబ్బింగాయన పద్ధతి. పెదవులు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడతాయో పట్టుకున్నాకే మైకు జోలికి వెళతారు. ఆ రోజూ అలాగే చూశారు. పెద్దలకు, నిర్మాతలకు దండాలయ్యాయి. చివర్లో హీరోగారు తన గొంతు మీద వేలు పెట్టి చూపించి ఏదో మొదలుపెట్టారు. పెదవులు వెంటవెంటనే రెండుసార్లు కలిశాయి. డబ్బింగాయన పేరు పలికినా సరిగ్గా అలాగే కలుస్తాయి. అంతే, ఆయన కళ్లు మసకబారాయి. మిగతా మాటలు చూడనేలేదు. మాట నిలబెట్టుకున్నాడు మహానుభావుడు అనుకుంటూ కళ్లు తుడుచుకుని, ఇప్పుడు శబ్దంతో వేయమన్నారు.

పిల్లి గొంతు కీచుమంది: "ఈ గొంతు మా అమ్మ పెట్టిన భిక్ష."

డబ్బింగాయనకు ఒళ్లు మండిపోయింది. నమ్మించి గొంతు కోసేవాళ్లు లోకంలో బోలెడుమంది. కోసిన గొంతు చేతనే కృతజ్ఞతలు చెప్పించుకునేవాణ్ణి మాత్రం ఆయన ఇప్పుడే చూశారు.

అద్దం అవతల సౌండ్ ఇంజనీరు ఎర్రలైటు వేసి, కానివ్వమన్నాడు. డబ్బింగాయన మైకు ముందుకు వెళ్లి, ఒక్కో మాటా నొక్కి పలికారు.

"చెప్పను. ఈ మాట నా నోటితో నేను చెప్పను. ఈ గొంతు నాది."

ఇంజనీరు హాయిగా నవ్వాడు.

"అచ్చం తెరమీది హీరోగారే వచ్చి అన్నట్టుంది సార్. ఇదే ఊపులో అసలుది కూడా కానిచ్చేద్దాం."

హాస్యం కాదని, తన సొంత గొంతుతో మళ్లీ చెబుదామని డబ్బింగాయన నోరు తెరిచారు. అదెలా ఉంటుందో ఆయనకు గుర్తుకు రాలేదు.