రాయి కోసం దాచిన డబ్బు

ఉల్లిపాయల బస్తాను భుజం మార్చుకుని ఆల్బన్ మళ్లీ నడక సాగించాడు. కారియకూ దీవిలో నలభై ఏళ్లు పడవలకు రంగులేసిన మనిషి, ఇప్పుడు గ్రెనడా రేవులో కూలి మోస్తున్నాడు. ఒళ్లు ఎండిపోయింది గానీ గోళ్ల సందుల్లో నీలిరంగు ఇంకా పోలేదు.

భార్య ఇస్మేకి కిడ్నీలు పాడయ్యాయి. రక్తం శుభ్రం చేసే మిషను వాళ్ల చిన్న దీవిలో లేదు. మూడు నెలల్లో నయమైపోతుందని లెక్కేసుకుని డబ్బు తెచ్చుకున్నారు. ఏ బుద్ధితో వేసుకున్నారో! బతికినన్నాళ్లూ మిషను ఉండాల్సిందేనని ఇక్కడికి వచ్చాక తెలిసింది. పైగా పేదవాడి కడుపు నింపే అరటికాయ, ఉప్పుచేప ఆమె ముట్టకూడదు. తినదగ్గవన్నీ ఓడల్లో వచ్చే ఖరీదైన సరుకే. ఆల్బన్ ముందు పొగాకు మానేశాడు, తర్వాత బస్సెక్కడం మానేశాడు, ఈమధ్య మధ్యాహ్నం తిండీ మానేశాడు. అయినా వచ్చే నెల అద్దెకు లేదు.

ఇక మిగిలింది తల్లి రాయి డబ్బు. కారియకూలో సమాధి మీద రాయి పెట్టాలంటే ఊరంతటికీ విందు పెట్టాలి. అందుకు ఏళ్ల తరబడి కూడబెడతారు. అందాకా పోయినవాళ్లు కలలోకొచ్చి అడుగుతూనే ఉంటారు. వాళ్లు కలలో చెప్పినమాట ఎవరూ కాదనరు.

మధ్యాహ్నం గదికెళ్లి, ఇస్మే కాళ్లు ఒత్తుతూ ఆల్బన్ గొంతు సవరించుకున్నాడు.

"రాత్రి అమ్మ కల్లోకొచ్చింది. నా రాయికేం తొందర, ముందు ఇస్మేని చూసుకోరా అంది."

ఇస్మే పకపకా నవ్వింది. "మీ అమ్మే! బతికుండగా నా చేత్తో ఇచ్చిన టీ తాగని మనిషికి, చచ్చాక కోడలి మీద ప్రేమ పుట్టుకొచ్చిందా?"

"చెప్పింది చెప్పాను. నన్నేం చేయమంటావ్?"

"ఇంతకీ ఏం వేసుకుని వచ్చింది?"

"తెల్ల... తెల్ల గౌను."

"పసుపు గౌనులో పాతిపెట్టాం కదయ్యా. నేనే కుట్టాను."

"అక్కడ మార్చుకుని ఉంటుందిలే."

ఆమె మళ్లీ నవ్వింది. అతని చేతిని కాసేపు తన చేతుల్లోనే ఉంచుకుంది. "సరేలే, పనికి ఆలస్యమవుతోంది, వెళ్లు."

ఒప్పుకుందనుకున్నాడు పిచ్చివాడు. ఆ పూట బస్తాలు తేలిగ్గా అనిపించాయి. సాయంత్రం కారియకూ పడవ కూతవేసి కదిలినప్పుడు తలెత్తి చూడనైనా లేదు.

గుమ్మంలో, వాళ్లకు గది అద్దెకిచ్చిన వేడా ఎదురుచూస్తోంది.

"పడవకి వెళ్లిపోయింది తమ్ముడూ. ఆపితే ఆగలేదు. వాళ్ల అత్త తన కల్లోకీ వచ్చిందట. పసుపు గౌనులోనే వచ్చి, నా రాయి నాకు పెట్టండి అందట. నీతో అలా చెప్పమంది."

మిషను లేకుండా ఇస్మే ఎన్నాళ్లుంటుందో అతనికి తెలుసు. పొద్దున్నదాకా పడవ లేదు. ఆడక ఆడక ఒక అబద్ధమాడితే అదీ చేతకాలేదని గోడకు తల ఆనించి ఏడ్చాడు.

మంచం పక్కన మేకుకు, మిషను గది చలికి ఇస్మే వేసుకునే ఉన్ని స్వెట్టర్ వేలాడుతోంది. గొట్టాలు పట్టడానికి దాని ఎడమ చేతిని మోచేతిదాకా చీల్చి, అంచు చిన్న చిన్న కుట్లతో శ్రద్ధగా కుట్టుకుంది.