ఉమ్మడి గుండిగ

ఉప్పు డబ్బా పొయ్యి పక్కన లేదు. బంగారమ్మ గరిటె ఆపి వెతికింది. పై అరలో, పంచదార వెనక దొరికింది.

"దీన్ని అక్కడికి ఎవరు ఎక్కించినారు?"

"నేనే. పొయ్యి దగ్గర చెమ్మ పడతాది," అన్నాడు మల్లేశ్వరరావు, అద్దంలో మీసం కత్తిరించుకుంటూ.

"పొయ్యి దగ్గర చెమ్మేటండీ? మీ ఆఫీసరుగిరీ రన్నింగ్ రూంలో చూపించుకోండి. ఇది నా వంటిల్లు."

అతను కత్తెర తుడిచి పెట్టెలో పెట్టి, సైకిలెక్కి స్టేషను వైపు వెళ్ళాడు.

డ్యూటీ దిగిన డ్రైవర్లు, గార్డులు తిని, నిద్రపోయి, తిరుగు బండి ఎక్కే చోటు ఆ రన్నింగ్ రూం. బియ్యం, పప్పు, కూర ఎవరివి వాళ్ళే తెచ్చుకుంటారు. వంట చేసే అచ్చయ్య ఎవరి గిన్నెలో వాళ్ళకు వేరుగా వండిపెట్టేవాడు. మల్లేశ్వరరావు పోర్టరుగా చేరి, గుమాస్తా అయి, తల నెరిశాక అక్కడ ఇన్‌ఛార్జి అయ్యాడు. అంత సర్వీసులోనూ ఏ ఆఫీసరూ అతన్ని పేరుతో పిలవలేదు. పోయిన నెల తనిఖీకి వచ్చినాయన పిలిచాడు. తమరు వచ్చాక ఇక్కడ కొత్తగా ఏం చేశారని హిందీలో అడిగాడు. మల్లేశ్వరరావుకు చెవులు వేడెక్కాయి.

ఆ వారమే పెద్ద గుండిగ తెప్పించాడు. అందరి బియ్యమూ కలిపి ఒకే వంట అన్నాడు. బొగ్గు ఆదా అని చెప్పాడు. బొగ్గుకు అక్కడ ఎన్నడూ కరువు లేదు.

ఆ మధ్యాహ్నం కూడా అన్నం అడుగున మాడింది, పైన పలుకు మిగిలింది. గార్డు డేవిడ్ తెచ్చుకున్న ఎండుచేపల పొట్లం విప్పకుండానే మళ్ళీ పెట్టెలో పెట్టేసుకున్నాడు.

"రోజూ పెళ్ళి భోజనమే పెడుతున్నారు రావుగారూ, పెళ్ళికూతురే కనపడదు," అన్నాడు.

బల్ల చుట్టూ నవ్వారు. అచ్చయ్య నవ్వలేదు. పొట్టి మనిషి, మోచేతుల దాకా ఆవిరి కాల్చిన మచ్చలు. ఇదివరకు కుంపట్ల వరస మధ్య కూర్చుని, పట్టకారుతో ఒకటి దించి ఒకటి ఎక్కిస్తూ, ఎవరి చారు ఎవరికని తనలో తాను గొణుక్కుంటూ ఉండేవాడు. ఇప్పుడు గుండిగ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాడు.

అందరూ పడుకున్నాక అతను మల్లేశ్వరరావు దగ్గరికి వచ్చాడు.

"ముందరి పద్ధతిలో తప్పేటి జరిగినాది బాబూ?"

మల్లేశ్వరరావు వెతుక్కున్నాడు. ఒక్క తప్పూ గుర్తు రాలేదు. మళ్ళీ తనిఖీ అయ్యేదాకా ఇలాగే ఉండాలని, సాబులు చూడాలి గదా అని అన్నాడు.

"అయితే నాను బీర్‌గావ్ పోతాను. అక్కడున్న కూతురు ఎప్పట్నుంచో రమ్మంటాంది. ఇక్కడ నా చేతికి పని లేదు."

పర్మినెంటు కాని మనిషి. వెళ్ళడానికి కాగితం కూడా అక్కర్లేదు. అయినా అచ్చయ్య అలాగే నిలబడ్డాడు. ఉండమన్న ఒక్క మాట చాలునని మల్లేశ్వరరావుకు తెలుసు. ఆ మాట అంటే గుండిగ వృథా అని ఒప్పుకున్నట్టే; రేపు డేవిడ్ కూడా అదే అంటాడు. కిటికీ బయట ఇంజను వదిలిన పొగ చెదిరిపోయేదాకా చూస్తూ ఉండిపోయాడు. ఇటు తిరిగేసరికి అచ్చయ్య లేడు. బల్ల మీద పట్టకారు ఉంది.

సాయంత్రం ఇంట్లో భార్యాభర్తలు, కూతురు ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. మల్లేశ్వరరావు రెండు ముద్దలు తిని ఆగాడు.

"రేపట్నుంచి రన్నింగ్ రూంలో కొత్త పద్ధతి పెడుతున్నాను. ఎవరి బియ్యం వాళ్ళకి, ఎవరి గిన్నెలో వాళ్ళకి, వేరువేరుగా వండిస్తాను."

కూతురు ఏదో అనబోయింది. బంగారమ్మ కళ్ళతోనే వారించింది. అతని కంచంలో మజ్జిగ పోసి, చెంబు కింద పెట్టాక, గడప వైపు చూసి అడిగింది.

"ఎవరు వండుతారు?"

అతను అన్నం కలుపుతూనే ఉన్నాడు. గడప పక్కన, అతని సంచిలోంచి సగం బయటికి వచ్చి, అచ్చయ్య పట్టకారు కనిపిస్తోంది; కొసలు మసిబారి నల్లగా, వేళ్ళు నొక్కే చోట మాత్రం అరిగి తెల్లగా మెరుస్తూ.