రిసెప్షన్‌కి వచ్చిన బాబాయ్

హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానని నేను ఇంట్లో అన్న రోజు మా పెద్దమ్మ, "మూడేళ్ళు చదివి వచ్చేపోయేవాళ్ళకి దుప్పట్లు మారుస్తావా?" అని తీసిపారేసింది. నాన్న నీళ్ళు నమిలాడు. నా పక్షాన నిలబడింది బాబాయ్ ఒక్కడే. ఫారం తెచ్చింది ఆయనే, ఇంటర్వ్యూకి తీసుకెళ్ళిందీ ఆయనే. దానికి ముందురోజు సాయంత్రం హోటల్లో దిగిన అతిథిలా చేతిలో సంచీతో మా హాల్లోకి వచ్చి, వేడినీళ్ళు రావడం లేదంటూ గంటసేపు నా మీద విరుచుకుపడి నాకు ఓర్పు నేర్పబోయాడు. ఓర్పు రాలేదు గానీ సీటు వచ్చింది.

అలాంటి బాబాయ్, ఒక హోటల్లో నా ట్రైనింగ్ ఇంకో ఆరు రోజుల్లో పూర్తవుతుందనగా, మధ్యాహ్నం రెండున్నరకి రిసెప్షన్ కౌంటర్ ముందుకొచ్చి నిలబడ్డాడు. నా గుండె గుభేలుమంది. ఎందుకంటే ఆయన కూతురు, మా అక్క, అదే హోటల్లో మూడో అంతస్తులో ఉంది.

అక్క ముందురోజు పొద్దున్న ఒక్క బ్యాగుతో వచ్చింది. దవడ కమిలి ఉంది. ఎవరు చేశారని నేను అడగలేదు. మా బావ చెయ్యి ఎంత దురుసో ఇంట్లో అందరికీ తెలుసు, తెలిసీ సర్దుకుపొమ్మన్నవాళ్ళే అందరూ. రెండు రోజుల్లో వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరాలట. అప్పటిదాకా తను ఇక్కడున్నట్టు ఎవరికీ తెలియకూడదంది. "మా నాన్నకి కూడా చెప్పకే," అంది.

సంగతంతా మా డ్యూటీ మేనేజర్‌కి చెప్పాను. ప్రతిదీ అంగుళాల లెక్కన చూస్తాడు కాబట్టి ట్రైనీలందరం ఆయనని చాటుగా కొలబద్ద అంటాం. కొలబద్ద ఒక్క ప్రశ్నయినా వెయ్యకుండా కంప్యూటర్‌లో అక్క పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టాడు. అంటే ఆ మనిషి హోటల్లో ఉన్నట్టు గానీ లేనట్టు గానీ ఎవరికీ చెప్పకూడదు. ఎవరికీ అంటే ఎవరికీ, అని నొక్కి చెప్పాడు కూడా. నాకు ఇక్కడ ఉద్యోగం ఇవ్వాలో వద్దో తేల్చి సంతకం పెట్టాల్సింది ఆయనే.

బాబాయ్ గడ్డం గీసుకోలేదు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు.

"అక్క ఇక్కడుందామ్మా?"

అద్దాల తలుపు అవతల కారు ఆగి ఉంది. దానికి ఆనుకుని నిలబడ్డ బావ మా ఇద్దరినే చూస్తున్నాడు. ఎవరు దిగారో చెప్పడం మాకు కుదరదండీ, అన్నాను. బాబాయిని అండీ అనడం నా జన్మలో అదే మొదటిసారి. ఆయన ముఖం చిన్నబోయింది. వెనక బల్ల దగ్గర కొలబద్ద కాగితాలు తిరగెయ్యడం ఆపాడు.

అల్లుడు కాళ్ళావేళ్ళా పడ్డాడని, ఇక చెయ్యెత్తనని ఒట్టేశాడని, హోటళ్ళన్నీ తిరిగి చివరికి ఇక్కడికి వచ్చామని బాబాయ్ చెప్పుకుపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఒట్టు ఎన్నోదని అడగాలనిపించింది. అడిగితే అక్క ఇక్కడుందని ఒప్పుకున్నట్టే. పళ్ళు బిగించి, చెప్పడం కుదరదండీ అని మళ్ళీ అన్నాను. మూడోసారీ అన్నాను. లిఫ్ట్ తలుపు తెరుచుకున్నప్పుడల్లా నా పైప్రాణాలు పైనే పోతున్నాయి. ఒకసారి ఎవరో దంపతులు దిగారు, ఇంకోసారి మా హోటల్ కుర్రాళ్ళే సామాన్ల బండితో దిగారు. కిందికి రావద్దని అక్కకి ఫోన్ చేద్దామంటే బాబాయ్ చూపు నా వేళ్ళ మీదే ఉంది.

బావ కారు వదిలి నాలుగడుగులు ముందుకు వేశాడు. బాబాయ్ వెనక్కి తిరిగి, ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు. తర్వాత కౌంటర్ మీదికి వంగాడు.

"ఉందా లేదా అని అడగనులే. తింటోందా? అదొక్కటి చెప్పు."

దానికి జవాబు చెప్పడమంటే ఉందని చెప్పడమే. ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ ఆయన కళ్ళు చూశాక నేను చదివిన చదువంతా ఎటు పోయిందో పోయింది.

"తింటోంది బాబాయ్," అన్నాను.

ఆయన అరచేత్తో ముఖం తుడుచుకుని బయటికి నడిచాడు. బావ ఎదురొచ్చాడు. అద్దం అవతలి మాటలు ఇటు వినపడవు. నేను కౌంటర్ అంచు పట్టుకుని నిలబడ్డాను. బాబాయ్ ఇవాళ్టిదాకా అల్లుడికి ఎదురు చెప్పిన మనిషి కాదు. ఇప్పుడు అక్క బతుకు ఆయన చెప్పే ఒక్క మాట మీద ఉంది, ఆ మాట ఆయన చేతికిచ్చింది నేను. బావ ఏదో గట్టిగా అడిగాడు. బాబాయ్ తల అడ్డంగా ఊపాడు. బావ ఇంకా దగ్గరికొచ్చి మళ్ళీ అడిగాడు. బాబాయ్ మళ్ళీ అలాగే ఊపి, తనే ముందు వెళ్ళి కారులో కూర్చున్నాడు. కారు వెళ్ళిపోయింది.

నేను ఊపిరి తీసుకునేలోపే కొలబద్ద అక్కకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. అయిదు నిమిషాల్లో ఆమెని వేరే అంతస్తుకి మార్పించాడు. మర్నాటికి వెనక గేటు దగ్గరికి టాక్సీ కూడా మాట్లాడాడు. అన్నీ అయ్యాకే నా వైపు తిరిగాడు.

"ఆయన మంచాయన కాబట్టి సరిపోయింది. అలా చేస్తాడని నీకు ముందే తెలుసా?"

తెలియదు. ఆ మాటే చెప్పాను. ఆయన సంతకం పెట్టలేదు. తిట్టలేదు, అరవలేదు. తిరిగి తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా ఆయన చెప్పింది సరిగ్గా ఉంది, నా కోపమంతా అందుకే.

అక్క మర్నాడే క్షేమంగా వెళ్ళి ఉద్యోగంలో చేరింది. నేను నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాను. పెద్దమ్మ నోటికి చేతినిండా పని దొరికింది. ఆ తర్వాత ఇంకో హోటల్లో ఇంటర్వ్యూ వచ్చింది. అక్కడి మేనేజర్, ఒక పెద్దావిడ, మొదటి హోటల్ వాళ్ళు ఎందుకు తీసుకోలేదని అడిగింది. దాచకుండా అంతా చెప్పాను.

"మీ బాబాయ్ రేపు మళ్ళీ వచ్చి అదే అడిగితే?" అంది ఆవిడ.

"చెప్పనండీ."

ఆలోచించకుండా వచ్చేసింది ఆ మాట. నాకే భయం వేసింది.

ఉద్యోగం ఇచ్చారు. సంగతి తెలియగానే అందరికంటే ముందు బాబాయ్ పరుగున వచ్చాడు. నా తల మీద చెయ్యి వేసి, ఇంటర్వ్యూలో ఏమేం అడిగారమ్మా అన్నాడు. మామూలు ప్రశ్నలే అడిగారని చెప్పాను. ఆవిడతో నిజం చెప్పిన పాపానికి ఆయనతో అబద్ధమాడాల్సి వచ్చింది.