చెప్పకుండా రండి

పెద్ద టీచరు ఇంటికి ఆ రోజు తనిఖీ. తనిఖీ అన్నమాట ఆవిడదే. ఆస్పత్రివాళ్ళు ఫోన్‌లో చెప్పింది వేరు. ఇంటికొచ్చి కట్టు కట్టే ఏర్పాటు ఆవిడకింకా అవసరమో కాదో చూడటానికి తమ మనిషి ఒకావిడ వస్తుందని, కాసేపు మాట్లాడి వెళ్తుందని చెప్పారు. కానీ ఉద్యోగమంతా బళ్ళోనే చేసి, చివరికి హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషికి, బయటినుంచి ఒకరొచ్చి చూసి పోతారంటే దానికి ఒకటే పేరు. తనిఖీ అంటే ఏం చెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. గోడలకు సున్నం కొట్టించాలి. విరిగిన బెంచీలన్నీ వెనక గదిలో కుక్కి తాళం వెయ్యాలి. లెక్కలు రాని పిల్లల్ని ఆ పూట ఆటస్థలానికి తోలెయ్యాలి. వచ్చినాయన అన్నీ చూసి, టీ తాగి, భేష్ అని వెళ్ళిపోతే, మర్నాడు బెంచీలు మళ్ళీ బయటికొస్తాయి. కుంటి బెంచీ కుంటి బెంచీగానే ఉంటుంది. అది వేరే సంగతి.

ఆవిడ ఉండేది మేడ మీద వాటాలో, ఒక్కర్తే. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోలేదని బెంగా పెట్టుకోలేదు. కిందటేడు స్నానాలగదిలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. మోకాళ్ళు అంతకుముందు నుంచే మొరాయిస్తున్నాయి. మంచం మీద పడి ఉన్న రోజుల్లో ఎడమ మడమ పరుపుకు ఒరుసుకుని పుండు పడింది. షుగరున్న ఒళ్ళు కదా, అది మానే ఉద్దేశంలో లేదు. నాలుగు కాళ్ళ వాకరు పట్టుకుని మంచం దగ్గర్నుంచి వంటింటికి, వంటింట్లోంచి కిటికీ దగ్గరికి, అంతే ఆవిడ తిరుగుడు. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకుంటుంది. రోజు విడిచి రోజు నర్సమ్మ వచ్చి పుండు కడిగి, కట్టు మార్చి వెళ్తుంది.

తనిఖీ కబురు వచ్చినప్పటినుంచీ ఆవిడ పని ప్రారంభించింది. మంచం చుట్టూ చేతికందే దూరంలో ఒక సంసారమే ఉంటుంది. మందులు, మంచినీళ్ళు, ఫోను, బిస్కెట్ల డబ్బా, దువ్వెన, వీపు గోక్కునే పుల్ల. అదంతా బీరువాలోకి పోయింది. వంటింట్లో కూర్చుని వంట చేసుకునే స్టూలు బాల్కనీలోకి పోయింది. రాత్రిళ్ళు మంచం పక్కన పెట్టుకునే కమోడు కుర్చీకి దుప్పటి కప్పి, మీద పూలకుండీ పెట్టింది. వాకరేమో వంటింటి తలుపు చాటుకు వెళ్ళింది. ఆ పూట నొప్పిమాత్ర అదనంగా ఒకటి వేసుకుని, గంజి పెట్టిన బట్టలు కట్టుకుని, లేచి నడవాల్సిన పని లేకుండా వీధి తలుపు పక్కనే కుర్చీ వేసుకుని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. అబద్ధమా అంటే అబద్ధమే. ఆవిడ మాత్రం దాన్ని క్రమశిక్షణ అనుకుంది.

వచ్చినావిడ లావుపాటి కళ్ళజోడు పెట్టుకుని, మెట్లెక్కిన ఆయాసంతో ఉంది.

"వంట మీరే చేసుకుంటారాండీ?"

"నేనే. ఇంకెవరు చేస్తారు?"

"స్నానం అదీ ఇబ్బంది లేదా?"

"చిన్నప్పటినుంచీ అలవాటే కదండీ."

కళ్ళజోడావిడ నవ్వింది. "మెట్లు దిగగలరా మరి?"

"దిగకేం. నిదానంగా దిగుతాను."

ఆ చివరి మాట అంటున్నప్పుడు మాత్రం పెద్ద టీచరు చూపు ఎదుటి గోడ మీదికి పోయింది. కళ్ళజోడావిడ అది చూడలేదు. "మీలాంటి పేషెంట్లే అందరూ ఉంటే మాకు సగం పని తగ్గిపోతుందండీ" అని మెచ్చుకుని వెళ్ళింది. భేష్ అన్నట్టే. పెద్ద టీచరు ఆ పొగడ్త చప్పరిస్తూ కుర్చీలో అలాగే ఉండిపోయింది. ఉండక ఏం చేస్తుంది. వాకరు తలుపు చాటున ఉంది, అక్కడిదాకా వెళ్ళాలంటే వాకరు కావాలి.

ఇంత నాటకం దేనికంటే, తమ్ముడి కోసం. తమ్ముడు చెడ్డవాడు కాడు, చెడ్డవాడైతే బాగుండేది, గట్టిగా నాలుగు అనేసి ఊరుకునేది. ఆపరేషన్ తర్వాత ఆవిణ్ణి తనింట్లోనే పెట్టుకుని కంటికి రెప్పలా చూసుకున్నాడు. దాహం వెయ్యకముందే మరదలు నీళ్ళు తెచ్చేది. కిటికీ తియ్యబోతే "మీరెందుకు వదినా లేవడం" అని పరుగెత్తుకొచ్చి తనే తీసేది. ఏ గదిలోకి వెళ్ళినా అక్కడ మాటలు ఆగిపోయేవి. అన్నాళ్ళూ ఆవిడ చేత చిన్న చెంచా కూడా కడగనివ్వలేదు వాళ్ళు. బళ్ళో అంతమంది మీద పెత్తనం చేసిన మనిషి ఆ ఇంట్లో పూలకుండీ అయిపోయింది. పోరు పెట్టి తన వాటాకు తిరిగొచ్చేటప్పుడు తమ్ముడు ఒకటే షరతు పెట్టాడు. "ఏమాత్రం తేడా వచ్చినా మా ఇంటికి వచ్చెయ్యాలక్కా, ఇక మాట్లాడొద్దు." అందుకని తేడా అనేదే రాకూడదు. వచ్చినా ఎవరికీ కనబడకూడదు. రోజూ పొద్దున తమ్ముడు ఫోన్ చేసి ఎలా ఉన్నావంటే, బ్రహ్మాండంగా ఉన్నాను అంటుంది.

కొన్నాళ్ళకు నర్సమ్మ ఫోన్ చేసింది. "టీచరుగారూ, ఏం చెప్పారు మీరు మా ఆస్పత్రి ఆవిడతో? ఇకనుంచి మీ ఇంటికి వెళ్ళొద్దన్నారు నన్ను. మీరే ఆస్పత్రికి వచ్చి కట్టించుకోగలరట."

పెద్ద టీచరు గుండెల్లో రాయి పడింది. గొంతులో మాత్రం పడనివ్వలేదు. "దానికేముందమ్మా. వస్తాను."

"ఎలా వస్తారు?"

"అందరూ ఎలా వస్తారో అలాగే."

"సరే, ఎలాగైనా రండి. కట్టు ఆలస్యమైతే మాత్రం ఊరుకునే పుండు కాదది. ఎముక దాకా పోయిందంటే ఇక పాదం మీద ఆశ ఉండదు. మీకు భయం లేదు కాబట్టి నేనే చెబుతున్నాను, భయపడండి కాస్త."

భయం లేకపోవడమేమిటి, ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు.

పొద్దున్నే బయల్దేరింది. వాకరు మెట్లకు పనికిరాదు కనుక పైనే వదిలేసి, రెండు చేతులతో మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, పళ్ళ బిగువున కొన్ని మెట్లు దిగింది. ఆ తర్వాత మోకాలు బిగుసుకుపోయింది. దిగలేదు, ఎక్కలేదు. ఎలాగో ఒరిగి మెట్టు మీద కూర్చుండిపోయింది. మడమ దగ్గర కట్టు తడిసి వెచ్చగా తగులుతోంది. అరిస్తే ఎవరో ఒకరు వస్తారు. కానీ అరవడమంటే తమ్ముడి ఇంటికి కబురు వెళ్ళడమే.

అప్పుడే కింది ఇస్త్రీ కొట్టావిడ, పై వాటాల బట్టల మూట చంకన పెట్టుకుని మెట్లెక్కి వస్తోంది.

"ఇక్కడ కూర్చున్నారేంటి టీచరమ్మా?"

"గాలి కోసం."

ఆ మెట్ల దగ్గర కిటికీ లేదు. వెంటిలేటరు కూడా లేదు. ఇస్త్రీ ఆవిడ అటూ ఇటూ చూసి, మూట దించి, ఒక మెట్టు కింద తనూ చతికిలబడింది. "అయితే నేనూ కాస్త పీల్చుకుంటాను" అంది. ఇద్దరూ కాసేపు లేని గాలి పీల్చుకున్నారు. చివరికి ఆవిడే, "మీది అయిపోతే చెప్పండి, పైకి వెళ్దాం" అంది.

వెళ్ళడమంటే ఎలా వెళ్ళారనుకున్నారు. ఇస్త్రీ ఆవిడ వెనకనుంచి చంకల కింద చేతులేసి ఎత్తడం, పెద్ద టీచరు ఒక మెట్టు పైన కూలబడటం, మళ్ళీ ఎత్తడం. గంజి పెట్టిన బట్టలు మెట్ల దుమ్మంతా ఊడ్చాయి. మంచం మీద చేర్చాక ఇస్త్రీ ఆవిడ రక్తంతో తడిసిన కట్టు చూసి ముఖం ముడుచుకుంది. "ఇది ఎవరికైనా చూపించాలమ్మా."

"చూపిస్తాను."

"ఎవరికి?"

పెద్ద టీచరు దుప్పటి లాగి కాలి మీద కప్పుకుంది. ఇస్త్రీ ఆవిడ వెళ్ళిపోయాక పెద్ద టీచరు గోడవైపు తిరిగి ఏడ్చింది. నొప్పికి కాదు. తనకు తానే ఇంత పకడ్బందీగా ఉరి బిగించుకున్నందుకు ఏడ్చింది.

సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడింది. కట్టులోంచి వాసన రావడం మొదలైంది. ఆ వాసన తన కాలిదేనని తెలిసినప్పుడు ఆవిడ పంతం కాస్త సడలింది. పాదం పోతే ఈ ఇల్లూ పోతుంది. నోరు విప్పినా ఇల్లు పోవచ్చు. కానీ నోరు విప్పితే కనీసం పాదం మిగులుతుంది. ఎంత తిప్పి చూసినా లెక్క అలాగే తేలింది.

తెల్లవారాక ఆస్పత్రికి ఫోన్ చేసి, అదృష్టం కొద్దీ కళ్ళజోడావిడనే పట్టుకుంది.

"ఆ రోజు నేను మీకు నిజం చెప్పలేదండీ. మెట్లు దిగలేను. నాకు చాలా పనులు రావు. మీరు మళ్ళీ ఒకసారి వచ్చి చూడాలి."

అవతల కళ్ళజోడావిడ కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "ఈలోపు పుండు సంగతి చూడమని నర్సుని ఇవాళే పంపుతాను. నేనెప్పుడు రమ్మంటారు మరి? ఏ రోజు వీలు మీకు?"

"రోజు చెప్పకండి" అంది పెద్ద టీచరు. "చెప్పకుండా రండి. చెబితే నేను మళ్ళీ అన్నీ సర్దేస్తాను. నా సంగతి నాకు తెలుసు."

ఉద్యోగమున్నంత కాలం, చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చే అధికారుల మీద ఒంటికాలి మీద లేచిన మనిషి నోటివెంట వచ్చిన మాట అది.

నర్సమ్మ ఆ పూటే వచ్చింది, పుండు చూసి తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టింది, డాక్టరుగారు చెప్పిన మందు మొదలుపెట్టింది. జ్వరం తగ్గింది. అసలు కష్టం అప్పుడు వచ్చింది. రోజూ పొద్దున లేవగానే ఆవిడ చేతులు దురద పెట్టేవి. బిస్కెట్ల డబ్బా బీరువాలో పెట్టెయ్యాలని, కమోడు మీద దుప్పటి కప్పెయ్యాలని, కనీసం తల దువ్వుకోవాలని ఉండేది. కప్పిన దుప్పటి మళ్ళీ తనే లాగేసిన రోజు కూడా ఉంది. ఉన్నది ఉన్నట్టు వదిలెయ్యడానికి అంత శ్రమపడాలని ఆవిడకు అప్పటిదాకా తెలియదు.

కళ్ళజోడావిడ ఒక మధ్యాహ్నం తలుపు తట్టేసరికి పెద్ద టీచరు గది మధ్యలో ఉంది. జుట్టు రేగి ఉంది. రెండు చేతులూ వాకరు మీద ఉండాలి కాబట్టి టీ ఫ్లాస్కు గుడ్డసంచిలో వేసి మెడకు తగిలించుకుంది.

"తీసే ఉంది, రండి" అంది. ముఖం జేవురించింది. తలుపు చాటు ఎంతో దూరంలో లేదు. కానీ ఆవిడ వాకరు వదల్లేదు. "కూర్చోండి. నేనిప్పుడు బాత్రూంకి వెళ్ళాలి. మీరు చూస్తూ ఉండండి. సాయానికి మాత్రం రావద్దు."

చూడ్డానికి అదేమంత సొగసైన దృశ్యం కాదు. వాకరు జరపడం, కాలు ఈడ్వడం, ఆగడం, పళ్ళు కొరకడం. గడప దగ్గర వాకరు పక్కకు తిప్పి, గోడకు భుజం ఆనించి, ఒక చేత్తో తలుపు గొళ్ళెం పట్టుకుని లోపలికి ఒరగడం. కళ్ళజోడావిడ రెండుసార్లు కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చుంది. పెద్ద టీచరుకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. చావలేదు. వెనక్కి వచ్చి, మంచం మీద కూలబడి, ఆయాసం తీరాక అంది, "ఇప్పుడడగండి, ఆ రోజు అడిగినవన్నీ."

అడిగింది. ఈసారి జవాబులు పొట్టిగా లేవు. అన్నీ విని కళ్ళజోడావిడ అద్దాలు తుడుచుకుంది. "ఇదంతా అప్పుడే ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే, ఒంటరిగా ఉండలేనని తేల్చి, నన్ను మా తమ్ముడింటికి పంపిస్తారని."

"అయ్యో. మిమ్మల్ని మీ ఇంట్లోంచి పంపడానికి కాదు, మీ ఇంట్లో ఉంచడానికే నాకు జీతమిచ్చేది. బాగున్నవాళ్ళింటికి మేమెందుకొస్తాం?" అని, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "తప్పు నాదీ ఉంది. ఒక్కసారి లేచి నడవమని అడగాల్సింది" అంది.

నర్సమ్మ రాకపోకలు మళ్ళీ కుదిరాయి. పొద్దునపూట స్నానానికి సాయపడే మనిషి కూడా వచ్చేట్టు ఏర్పాటైంది. ఇక తమ్ముడి ఫోను మిగిలింది. ఆ రోజు అతను ఎలా ఉన్నావంటే, బ్రహ్మాండం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, మెట్ల దగ్గర్నుంచి జరిగిందంతా చెప్పింది. తమ్ముడు మారు మాట్లాడకుండా ఫోన్ పెట్టేసి, మధ్యాహ్నానికల్లా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. బట్టలు సర్దడానికే వచ్చాడని ముఖం చూస్తేనే తెలిసింది. కానీ అప్పటికి నర్సమ్మ కట్టు విప్పి కూర్చుంది, అతను గోడ వారగా నిలబడాల్సి వచ్చింది.

నర్సమ్మ పుండు కడిగి, చుట్టూ వేలితో నొక్కుతూ ఎప్పటిలాగే అడిగింది. "నొప్పి ఉందా టీచరుగారూ?"

ఇన్నాళ్ళూ దీనికి జవాబు "లేదమ్మా" అనే. పెద్ద టీచరు తమ్ముడి వంక చూసింది. అతను వింటున్నాడు.

"ఉంది" అంది. "నువ్వు నొక్కినప్పుడల్లా ప్రాణం పోయి వస్తుంది. మొదట్నుంచీ అంతే."

నర్సమ్మ చెయ్యి ఆగిపోయింది. ఇంకొంచెం పక్కన తాకింది. "ఇక్కడ?"

"అక్కడా ఉంది."

"ఓరి దేవుడా" అని నర్సమ్మ వెనక్కి వాలి కూర్చుంది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "ఇన్నాళ్ళూ నొప్పి లేదు, నొప్పి లేదంటే, షుగరుకి అక్కడి నరాలు చచ్చిపోయాయనుకున్నామమ్మా. స్పర్శ లేని పాదం, ఇక ఎన్నాళ్ళో నిలవదని డాక్టరుగారు బెంగపెట్టుకున్నారు. మీకేమో భేషుగ్గా తెలుస్తోంది. పాదం బతికే ఉంది టీచరుగారూ."

పెద్ద టీచరు తన మడమ వైపు చూసుకుంది. ఇన్నాళ్ళూ దాచిన ఆ మాటే తన కాలి మీదికి వచ్చిందని, అదే మాట ఇప్పుడు ఆశ పుట్టించిందని అర్థమయ్యేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి గోడవైపు తిరగలేదు.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "ఇంత నొప్పి పెట్టుకుని ఇక్కడొక్కదానివీ ఎందుకక్కా. మా ఇంటికి పద."

"నొప్పి ఉందిరా" అంది పెద్ద టీచరు. "నేను ఇక్కడే ఉంటాను. రెండూ నిజమే."

తమ్ముడు వాదించబోయి ఆగాడు. అక్క ముఖంలో పంతం కోసం వెతికాడు గాని, కనిపించింది పంతం కాదు. నర్సమ్మ కొత్త కట్టుగుడ్డ చుట్ట విప్పుతూ, "ఊరికే నిలబడకపోతే ఈ కాలు కాస్త ఎత్తి పట్టుకోండి సార్" అంది. అతను వచ్చి నేల మీద కూర్చుని, అక్క పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నొప్పిగా ఉందా?" అన్నాడు.

"ఉంది. కొంచెం కిందికి పట్టు" అంది ఆవిడ. అతను కిందికి పట్టాడు.