కూల్చేసిన ఇళ్ళకి నీళ్ళు

మునిసిపాలిటీవాళ్ళ పాత క్వార్టర్లు నేలమట్టమై నెల దాటింది. ఇటుకలు కొన్నవాళ్ళు ఇటుకలు, ఇనుము కొన్నవాళ్ళు ఇనుము పట్టుకుపోయారు. మిగిలిన మట్టిని బుల్డోజరు చదును చేసేసరికి, వరుసలు వరుసలుగా ఇళ్ళున్న చోటు కాస్తా అరచెయ్యిలా తయారైంది. అక్కడ భూమి లోపల పెద్ద నీళ్ళట్యాంకు, దానిమీద పార్కు కట్టాలి.

ఆ పని చూస్తున్న ఇంజనీరు ఒకప్పుడు ఆ ఇళ్ళకే కోడలిగా వచ్చిన మనిషి. పెళ్ళైన దగ్గర్నుంచీ మూడో వరుస చివరింట్లో కాపురముంది. ఇళ్ళు ఖాళీ చేయించినప్పుడు అందరితోపాటు వాళ్ళూ వెనకవీధిలో కట్టిన కొత్త బ్లాకుల్లోకి మారారు. "అత్తగారిల్లు దగ్గరుండి కూలగొట్టించే అదృష్టం ఎంతమంది కోడళ్ళకి పడుతుంది చెప్పండి" అని సైటులో తనమీద తనే జోకులేసుకునేది.

తవ్వకం మొదలుపెట్టే ముందు, వీధిలో ఉన్న పెద్ద పైపు, అంటే మెయిన్ నుంచి క్వార్టర్లలోకి వెళ్ళే పైపుని గేటు దాటాక కోసి, మూత బిగించారు. గేటు పక్కనున్న పాత నీళ్ళ మీటరు జోలికి ఎవరూ పోలేదు. ఓ రోజు పొద్దున్నే, వీధికి నీళ్ళు వదిలే వేళకి, ఇంజనీరు అక్కడ నిలబడి టీ తాగుతూ మీటరు వైపు చూసింది. ముల్లు తిరుగుతోంది.

ఆమె వెంటనే ఏమీ అనుకోలేదు. నీళ్ళు వదలగానే పైపులో ఉన్న గాలి తోసుకొచ్చి మీటరుని తిప్పడం మామూలే. అందుకని గాలి బయటికి పోయే వాల్వు పెట్టించింది. మర్నాడూ ముల్లు తిరిగింది. మీటరు పాతదైపోయిందని కొత్తది బిగించారు. కొత్తదీ తిరిగింది. ఎవరో దొంగ కనెక్షను లాగి ఉంటారని పైపు పొడుగునా తవ్వించి చూసింది. పైపు మీద గీత కూడా లేదు. మూత బిగించింది బిగించినట్టే ఉంది. దానిచుట్టూ మట్టి చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా రాలిపోయింది.

"ఇన్ని నీళ్ళు ఏ గంగలో కలుస్తున్నట్టు?" అంది.

పైపుల పని చేసే ఫిట్టరు గోతిలోంచి పైకొచ్చి చేతులు దులుపుకున్నాడు.

లీకులు పట్టుకోడానికి ఇంజనీరు దగ్గర ఓ ఇనపకడ్డీ ఉంది. కింది కొన పైపు మీద ఆనించి, పైనున్న గిన్నెలాంటి దానికి చెవి పెడితే భూమి లోపలి చప్పుడు వినిపిస్తుంది. ఆ విద్యలో ఆమెది అందెవేసిన చెయ్యి. లీకు చప్పుడు ఒకటే రకం, తెగని ఈల. మర్నాడు నీళ్ళు వదిలే వేళకి మూత పక్కనే కడ్డీ ఆనించి వంగింది.

ఈల లేదు. ఖాళీ బిందెలో నీళ్ళు పడుతున్న చప్పుడు. మొదట డబడబమని మోత. బిందె నిండేకొద్దీ ఆ మోత సన్నబడి, సన్నబడి, అంచుదాకా వచ్చాక ఠక్కున ఆగింది. కాస్త ఆగి మళ్ళీ ఖాళీ బిందె మోత. ఈసారి బిందె కాదు, బకెట్టు. ఆ తేడా ఆమెకి తెలుసు. కొత్త కోడలిగా ఆ కొళాయిల దగ్గర వరసలో నిలబడి ఎన్ని వినలేదు.

కడ్డీ తీసి ఫిట్టరుకిచ్చింది. అతను విని, చెవి తుడుచుకున్నాడు.

"లీకు కాదమ్మా ఇది. లీకైతే మధ్యలో ఆగదు కదా."

"మరేంటి?"

"నన్నడక్కండి. నేను పిల్లలు గలవాణ్ణి."

ఇక ఆ కనెక్షనే లేకుండా వీధి మెయిన్ దగ్గర తెంపేసి సీలు చేద్దామని ఇంజనీరు నిర్ణయించింది. తర్వాత అక్కడ కాంక్రీటు పోసేస్తే చప్పుడూ ఉండదు, తలనొప్పీ ఉండదు.

సాయంత్రం ఇంటికొచ్చాక అత్తగారితో ఈ సంగతి చెప్పింది. నవ్వించడానికే మొదలుపెట్టింది. అత్తగారు ఆ క్వార్టర్లలో ఓ తరం బతికిన మనిషి, మొగుణ్ణి పోగొట్టుకున్నదీ, కొడుకుని పెంచినదీ అక్కడే. ఆవిడ బట్టలు మడతపెడుతూ విని, నవ్వకుండా అడిగింది.

"ముందు పట్టేది బిందేనా?"

"అవును."

"గబగబా రెండు బిందెలు పట్టేసి పోతుందా?"

ఇంజనీరు గుర్తు తెచ్చుకుంది. నిజమే, మొదట వెంటవెంటనే రెండు బిందెలు. ఆ మాట తను చెప్పలేదు.

"కుట్టుమిషనావిడ," అంది అత్తగారు. "నీళ్ళ చప్పుడు వినబడితే చాలు, అందరికంటే ముందు ఆవిడే. ఎప్పుడూ రెండే. దాని తర్వాత బకెట్టు, నిండటానికి తెగ టైము పడుతుందా? అది మంత్రసాని. కొళాయి సగమే తిప్పేది. ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు, మొండిఘటం."

కుట్టుమిషనావిడ పోయి చాలా ఏళ్ళైంది. మంత్రసాని ఇంజనీరు కాపురానికి రాకముందే పోయింది.

"రేపు కనెక్షను తెంపేస్తున్నాం అత్తయ్యా."

అత్తగారు చేతిలో ఉన్న చీర మడత ఆపింది. "చెప్పకుండానా?"

"ఎవరికి చెప్పాలి?"

"మీరు వీధిలో నీళ్ళు ఆపేముందు బండికి మైకు కట్టి ఊరంతా చాటిస్తారు కదే. ఇళ్ళు ఖాళీ చెయ్యమన్నప్పుడు కూడా బతికున్నవాళ్ళకే చెప్పారు. వాళ్ళకెవరు చెప్పారు? నన్ను తీసుకెళ్ళు. నేను చెప్తాను."

వద్దందామనుకుంది. అత్తగారి మొహం చూశాక సరేనంది.

పొద్దున్నే ఇద్దరూ వెళ్ళారు. తెల్లారి కాకులు అరుస్తున్నాయి, వీధిలో మనుషులు తిరుగుతున్నారు. ఫిట్టరు మెయిన్ దగ్గర పనిముట్లు పెట్టుకుని గేటు బయటే ఉండిపోయాడు. ఇంజనీరు గోతి అంచున మోకాళ్ళ మీద కూర్చుని కడ్డీకి చెవి ఆనించింది. రెండు బిందెలు గబగబా నిండాయి. తర్వాత బకెట్టు, తాపీగా.

అత్తగారు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గోతిలోకి వంగింది. పక్కింటివాళ్ళని గోడమీదనుంచి పలకరించినట్టే మాట్లాడింది.

"ఏమ్మా, ఇవాల్టినుంచి ఇక్కడ నీళ్ళు బందు. ఇళ్ళు కొట్టేశారు, చూసుకున్నారో లేదో. మేమంతా వెనకవీధి బ్లాకుల్లో ఉంటున్నాం. అక్కడ కింద వాకిట్లో కొళాయి ఉంది, నీళ్ళు ధారగా వస్తాయి. అక్కడికి వచ్చెయ్యండి."

"అత్తయ్యా," అంది ఇంజనీరు. రమ్మంటుందని ఆమె అనుకోలేదు.

కడ్డీలో నీళ్ళ ధార సగంలో ఆగింది. బకెట్టు నిండలేదు. ఆ తర్వాత చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. చప్పుడు లేకపోవడం వేరు, ఎదుటివాళ్ళు మాట వింటూ ఊరుకోవడం వేరు. ఆ రెండోదే తన చెవికి ఆనుకుని ఉన్నట్టనిపించింది. అంతలో గచ్చు మీద బిందె దించిన చప్పుడు. ఒకటి. ఇంకొకటి. తర్వాత లెక్కపెట్టలేనన్ని, ఎక్కడెక్కడినుంచో, వరసగా.

కడ్డీ వదిలేసి వెనక్కి పడింది. అత్తగారు చెయ్యిచ్చి లేపింది.

"విన్నారులే, పద," అంది.

ఆ పూటే కనెక్షను తెంపేశారు. ఫిట్టరు పని ముగించి గేటుకి దణ్ణం పెట్టుకున్నాడు. కాంక్రీటు పోశారు, తవ్వకం సాగింది, ట్యాంకు గోడలు లేచాయి. సైటులో ఏ తేడా లేదు. ఇంజనీరు కూడా తిండి తిని నిద్రపోతోంది. అదంతా తన భ్రమేమో అనుకునేటంత దాకా వచ్చింది.

కొత్త బ్లాకులకి కాపలా కాసే ముసలాయన ఓ రోజు మెట్ల దగ్గర ఆపాడు. "ఇంజనీరమ్మా, పొద్దున పైట్యాంకు నిండటంలేదు. కింద వాకిట్లో కొళాయి ఎవరో విప్పి వదిలేస్తున్నారు. నేను కట్టెయ్యడం, వాళ్ళు విప్పడం. ఎవరో కనబడితే తిడదామంటే కనబడరు."

ఆమె వాకిట్లో కొళాయి వైపు చూసింది. "కట్టకండి. నేను చూస్తాను," అంది.

మర్నాడు లేచేసరికి అత్తగారు పడకలో లేదు. వంటింట్లో బకెట్టూ లేదు. పైన ఇంట్లోనే కొళాయి ఉండగా కిందకెందుకు వెళ్ళిందని గబగబా మెట్లు దిగింది.

వాకిట్లో కొళాయి ధారగా పారుతోంది. ఆ ధార కింద ఏ పాత్రా లేదు, అయినా నీళ్ళు నేలమీద పడటంలేదు. గచ్చు పొడిగా ఉంది. అత్తగారు కొళాయి దగ్గర లేదు. దానికి చాలా దూరంగా, గోడవారన, ఖాళీ బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా ఉన్న ఖాళీ జాగా వైపు చూసి ఏదో అని చిన్నగా నవ్వుకుంటోంది.

"ఇక్కడెందుకు నిలబడ్డారు అత్తయ్యా?"

"నా వంతింకా రాలేదు," అంది అత్తగారు. "నడుమ దూరకు, తిడతారు. వెనక నిలబడు."

కొళాయి దానంతటదే కట్టుకుంది. కాసేపటికి మళ్ళీ తిరిగింది. అత్తగారు ఓ అడుగు ముందుకి వేసింది.

చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళిపోదామనుకుంది ఇంజనీరు. కానీ ఆవిడ మొహంలో, ఇల్లు మారిన దగ్గర్నుంచీ తను చూడని తేట ఒకటి కనిపించింది. ఇన్నాళ్ళూ పైనున్న గదిలో ఒక్కతే బట్టలు మడతపెట్టుకుంటూ ఎలా గడిపిందో ఇప్పుడు తట్టింది. వెళ్ళి వెనక నిలబడింది. చేతిలో బకెట్టు లేదు, ఏం చెయ్యాలో తెలియలేదు.

వెనకెవరో వచ్చి నిలబడ్డట్టయింది. అడుగుల చప్పుడు లేదు. మడమకి మాత్రం చల్లటి బిందె అంచు తగిలింది, తడిగా.

ఆమె తిరిగి చూడలేదు. వెనకవాళ్ళకి చోటివ్వడానికి ఓ అడుగు ముందుకి జరిగింది.