గాజు మీద ఒక్క గీత

మా తోడల్లుడు పొద్దున్నే వంటింటి బల్ల మీద గాజు పలక పెట్టి, నీళ్లు చల్లి, కాగితంలా పల్చటి, పదును పెట్టే గరుకు ఫిల్ము అంటించాడు. దాని మీద మామగారి మంగలికత్తిని అటోసారి ఇటోసారి ఒద్దికగా లాగుతుంటే, మా అత్తగారు చేతిలో కాఫీ చల్లారిపోతున్నా నోరు తెరుచుకుని చూస్తూ నిలబడింది.

"చిన్నల్లుడి చేతిలో ఏదో మహిమ ఉంది," అంది.

పదేళ్లుగా ఆ ఇంటి కుళాయిలూ ఫ్యాన్లూ బాగుచేస్తున్న నా చేతిలో ఏముందో ఆవిడ ఏనాడూ చెప్పలేదు. కడుపు మండిపోయింది. పైగా మా ఆవిడ కూడా "చూసి నేర్చుకోండి" అని నా డొక్కలో పొడిచింది.

అతగాడు ఒక తలవెంట్రుక పట్టుకుని కత్తి అంచుకి తాకించాడు. తాకీ తాకగానే తెగిపోయింది. ఫిల్ము ఒలిచి పక్కన పెట్టి, చేతులు కడుక్కోడానికి వెళ్లాడు. అతని వెనకే మిగతావాళ్లూ వెళ్లారు. నేనొక్కణ్ణే మిగిలాను. కత్తి తీసుకుని, అంచు నిలువుగా ఆనించి, వట్టి గాజు మీద ఒక్క గీత గీశాను. కిర్రుమని అంచు మొద్దుబారింది. కత్తి ఎప్పటిలాగే బల్ల మీద పెట్టేశాను.

ఇప్పుడు మామగారి గడ్డం గియ్యి నాయనా, నీ మహిమేమిటో చూస్తాం!

ముందుగదిలో మామగారు గడ్డానికి నురగ పట్టించుకుని కుర్చీలో కూర్చున్నారు. తోడల్లుడు ఆ కత్తి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నాకు పదును పెట్టడమే వచ్చు అన్నయ్యా. గీయడానికి మాత్రం మీరే కావాలట."

"పెద్దల్లుడి చెయ్యి వణకదు," అంటూ మామగారు కళ్లు మూసుకుని, మెడ పైకెత్తారు.