క్యానులో సముద్రం

ఆ రోజు ఇంట్లో పదో తరగతికి వచ్చిన హేమ, తాతమ్మ అని పేరున్న ఆమె నాన్నమ్మ, కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయిన నాన్న నూకయ్య, చిన్నాన్న గోవింద్, పిన్ని దేవి ఉన్నారు. అమ్మ ఎండుచేపలు అమ్మడానికి నరసన్నపేట వెళ్ళింది. సముద్రంలో వేట నిషేధం రోజులు కాబట్టి ఈ జాలర్ల పేటలో మగవాళ్ళంతా ఒడ్డునే ఉన్నారు.

పేటలో ఇంతమందికి పక్షవాతం ఎందుకొస్తోందో తేల్చడానికి మెడికల్ కాలేజీ వాళ్ళు వచ్చారు. ఒంట్లోకి ఎంత ఉప్పు పోతోందో తెలియాలంటే ఒక పగలూ రాత్రీ మూత్రమంతా క్యానులో పట్టి ఇమ్మన్నారు. ఇంటింటికీ క్యాన్లు ఇచ్చి, తిరిగి తెచ్చే పని హేమకు పడింది. నలుగురిలో నోరు విప్పలేని పిల్ల. "అది... ఇందులో" అని క్యాను చేతిలో పెట్టి పరుగెత్తుకొచ్చేసేది.

గోవింద్ క్యాను మాత్రం అంచుదాకా నిండింది. హేమ ఎత్తి చూసింది. తేటగా ఉంది. అడుగున ఇసుక.

"సిన్నాన్నా, ఇవి సముద్రం నీళ్ళు."

దేవి కొంగు నోట్లో కుక్కుకుంది. "డాక్టర్లు సూస్తే, ఈ మనిసి ఉప్పుసేపలాగ ఊరిపోనాడని రాసుకుంటారు."

"ఆల్లకి కావలసింది ఉప్పే కదేటి," అన్నాడు గోవింద్. "దండిగా ఇచ్చినాను."

"ఓలె గుంటా," అంది తాతమ్మ, "మగోడి ఉచ్చతోటి నీకేటే పని? సిగ్గు నేదేటి?"

హేమ చెవులు కాలిపోయాయి. ఇంకో రోజైతే పెరట్లోకి పోయి దాక్కునేది. గోడకానుకుని నాన్న ఎడంచేత్తో గంజి తాగుతున్నాడు. సగం గడ్డం మీదుగా కారిపోతోంది. చిన్నాన్నకీ బి.పి. బాగా ఎక్కువగా ఉందని డాక్టరమ్మ మొన్ననే చెప్పింది. మాత్రలు మింగుతున్నాడు గానీ గంజిలో ఉప్పూ, పక్కన ఎండుచేపా తగ్గించడు. "నా ఒంట్లో ఎంత ఉప్పున్నాదో నివ్వు సూసినావేటి?" అంటాడు.

చూడాలనే కదా ఈ క్యాను. హేమ నీళ్ళు వాకిట్లో పారబోసి, కొత్త క్యాను తెచ్చి అతని ముందు పెట్టింది.

"సిగ్గే, నాన్నమ్మా. సచ్చిపోతన్నాను సిగ్గుతోటి." క్యాను ఇంకాస్త ముందుకు జరిపింది. "రేపు సిన్నాన్న మంచాన పడితే ఉచ్చ ఎత్తాల్సింది నానే. నాన్నకి ఎత్తుతన్నాను కదా. అప్పుడడ్డం రాని సిగ్గు ఇప్పుడెందుకు?"

నూకయ్య గిన్నె కింద పెట్టాడు. వంకరపోయిన నోటిని కూడదీసుకుని, "ఇయ్... రా," అన్నాడు తమ్ముడితో.

గోవింద్ తల దించుకున్నాడు.

"ఇందాక బయట పోసొచ్చింది లెక్కలోకి రాదు," అంది హేమ. "ఇప్పటినుంచి రేపు ఇదే ఏల దాకా అంతా ఇందులోనే."

తనూ గంజి తాగిన కాసేపటికి గోవింద్ లేచి, అలవాటుగా ఒడ్డువైపు నడిచాడు. హేమ క్యాను పట్టుకుని దారికడ్డంగా నిలబడింది. అతను గొణుక్కుంటూ క్యాను లాక్కుని మరుగుదొడ్డి వైపు తిరిగాడు. ఆమె గడపదాకా వెంట నడిచింది.

"ఒక్క సుక్క కూడా బయట..."

"లోపలికీ వస్తావేటే? ఎల్లు," అని గోవింద్ ఆమె ముఖం మీదే తలుపు వేసుకున్నాడు.